మెరవని కళ్లు, పంట కాపలా తుపాకీ

నాన్న పోయిన తొమ్మిదో నెలలో అన్న ఫోన్ చేసి, "రేయ్, ఆ బర్మారు సంగతేంటి? స్టేషన్లో పడుంది, తుప్పు పట్టిపోతుంది. లైసెన్సు నీ పేరు మీదికి మార్పించుకోరాదూ, పందులు పడుతున్నాయని నువ్వే ఏడుస్తున్నావుగా" అన్నాడు. సరే చూస్తాలే అని పెట్టేశాను. అప్పట్నుంచీ నాలో నేను వాదించుకుంటున్నదే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది.

బర్మారు అంటే తెలియనివాళ్లకి: గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, గుళ్లు వేసి, మళ్లీ పేలిక కుక్కి, ఇనప కడ్డీతో దట్టించి, వెనకాల చిన్న రాగి క్యాపు పెట్టి పేల్చే పాతకాలం తుపాకీ. ఒకసారి పేలితే మళ్లీ నింపడానికి అలవాటున్న చేతికి కూడా నిమిషం పడుతుంది, ఆలోగా పందులు గుట్ట ఎక్కేసి ఉంటాయి. నాన్న ముప్పై ఏళ్లలో దాంతో పడగొట్టినవి నాకు తెలిసి రెండు. ఆ రెంటికీ అటవీ శాఖ అనుమతి ఉందా అని మాత్రం అడక్కండి. ఉండాలని కూడా ఆయనకి తెలీదు. చేతిలో లైసెన్సు ఉంది, లైసెన్సు మీద పంట రక్షణకు అని రాసుంది, ఇంకేం కావాలి అనుకున్నాడు. ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటున్నారు, అందుకే ముందు ఈ చిక్కు చెప్పేస్తా.

మన దేశంలో రైతుకి తుపాకీ ఇవ్వరు అనేది అబద్ధం. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది: నిజంగా పంట కాపాడుకోవడానికి మూతిలోంచి మందు కూరే తుపాకీ అడిగితే లైసెన్సు ఇవ్వాలి, అది చాలదని అధికారికి అనిపిస్తే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న మామూలు నున్న గొట్టం (రైఫిల్‌లా లోపల గాడులు లేని) తుపాకీకైనా ఇవ్వొచ్చు. ఆస్తి తక్కువుంది అన్న ఒక్క కారణంతో కాదనడానికి కూడా వీల్లేదని పక్క సెక్షన్‌లో రాసుంది. 21 ఏళ్లు నిండాలి, మతి స్థిమితం ఉండాలి, నేర చరిత్ర ఉండకూడదు, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీ వాడకం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ పెట్టాలి. దరఖాస్తు కలెక్టర్‌కి, కమిషనరేట్ అయితే పోలీస్ కమిషనర్‌కి. 2019 సవరణ తర్వాత గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది.

ఇదంతా తుపాకీ ఉంచుకోవడానికి. పందిని కాల్చడానికి కాదు. పందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద విడిగా ఇంకో అనుమతి ఉండాలి, అదీ రాతపూర్వకంగా, కారణాలతో. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్‌లో, అంటే ఆ చట్టం కాపాడే జంతువుల జాబితాల్లో ఒకదాంట్లో, ఉంది. మనుషులకో ఆస్తికో, అందులో నిలబడి ఉన్న పంట కూడా వస్తుంది, ప్రమాదంగా మారిందని అధికారి నమ్మితే 11వ సెక్షన్ కింద కాల్చమని ఆదేశం ఇవ్వొచ్చు. అంటే తుపాకీ కాగితం కలెక్టరాఫీసులో, పంది కాగితం అటవీ శాఖలో. ఈ రెండు ఆఫీసులూ ఒకదాన్నొకటి ఎప్పుడైనా పలకరించుకున్నాయా అని నాకు అనుమానం. పైగా అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి, కూర వండుకోవడానికి లేదు. ఈ మాట నేనెక్కడ చెప్పినా నవ్వుతారు, కానీ నన్నడిగితే చట్టంలో అన్నిటికంటే తెలివైన ముక్క అదే. మాంసం ఇంటికొస్తుందంటే పంట లేని చేలో కూడా కాపలాకి మనుషులు బయల్దేరతారు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. నాకు పదహారేళ్లు. వేరుశనగ కాయ పట్టే టైం, పందులు రెండు రాత్రుల్లో మూడు మళ్లు దున్నేశాయి. నేను మంచె మీద టార్చి పట్టుకున్నాను, నాన్న పక్కన బర్మారు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. రెండు దాటాక గట్టు పక్కన నల్లగా ముద్దలాంటిది కదిలింది. నాన్న నా భుజం గిల్లాడు, నేను టార్చి వేశాను. ముద్ద ఆగిపోయింది. కళ్లు మెరవలేదు. నాన్న తుపాకీ ఎత్తాడు.

కళ్లు మెరవకపోవడం ఎందుకు చెప్తున్నానంటే, ఆవు, కుక్క, మేక, జింక వీటి కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటుంటుంది, టార్చి పడితే ఆకుపచ్చగానో పసుపుగానో దీపాల్లా వెలుగుతాయి. పందికి ఆ పొర లేదు. అందుకే కాపలాకెళ్లే ప్రతివాడికీ చిన్నప్పట్నుంచే ఎక్కిన లెక్క: మెరిస్తే పశువు, మెరవకపోతే పంది. ఈ లెక్కలో ఒక్కటే తప్పు. మనిషికి కూడా ఆ పొర లేదు.

ముద్ద దగ్గింది.

"ఎవడ్రా అది!" అని నాన్న అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నేనే బావా, గేటు వాల్వు తిప్పడానికొచ్చా" అని పక్క చేను మామ గొంగడి ముసుగు తీశాడు. అప్పట్లో త్రీ ఫేజ్ కరెంటు అర్ధరాత్రి ఇచ్చేవాళ్లు, నీళ్లు పెట్టుకోవాలంటే ఆ టైంలోనే లేవాలి. వాల్వు గట్టు కింద, వంగి తిప్పాలి. చలికి గొంగడి. వంగున్న మనిషి మీద నల్ల గొంగడి కప్పితే దూరం నుంచి ఎలా ఉంటాడో చెప్పక్కర్లేదుగా. మామ దగ్గిరకొచ్చి బీడీ అడిగాడు. నాన్న అగ్గిపుల్ల గీయబోతే చేతులు వణికి మూడు పుల్లలు విరిగాయి. ఆ రాత్రి దాని గురించి ఎవరూ ఏం మాట్లాడలేదు. మామకి తుపాకీ తన మీద ఎత్తారని తెలుసో లేదో నాకు ఈరోజుకీ తెలీదు.

నాన్న దగ్గర అన్నీ సవ్యంగానే ఉన్నాయి. లైసెన్సు ఉంది, రెన్యువల్ ఉంది, ఒక్క కేసు లేదు, తాగడు. పోలీసు ఎంక్వయిరీలో అడిగేవన్నీ ఆయన పాస్. కానీ ఆ రాత్రి ప్రమాదం ఆయన నడవడికలో లేదు, పొలంలో ఉంది. వాల్వు ఎక్కడుంది, ఆ టైంలో ఎవరు తిరుగుతారు, గుండు తగలకపోతే ఎటు పోతుంది, ఈ ప్రశ్నలు ఏ కాగితంలోనూ లేవు. ఎంక్వయిరీకి వచ్చినాయన మా ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగి సంతకాలు పెట్టించుకుపోయాడట. చేను వైపు తిరిగి కూడా చూళ్లేదు.

చూసే దేశాలున్నాయి. బ్రిటన్‌లో రైఫిల్‌కి సర్టిఫికెట్ అడిగిన కొత్తవాళ్ల విషయంలో, వాళ్లు కాల్చబోయే భూమి ఆ తుపాకీకి పనికొస్తుందా అని పోలీసులు చూస్తారు. ఆస్ట్రేలియాలో 1996 తర్వాత తుపాకీ కావాలంటే సరైన కారణం చూపించాలి, వ్యవసాయం అందులో ఒకటి. అక్కడ కమతాలు వందలు, వేల ఎకరాల్లో ఉంటాయి. మనకి? రెండెకరాలంటే సుమారు వంద మీటర్ల పొడుగు, ఎనభై మీటర్ల వెడల్పు. నున్న గొట్టం తుపాకీ గుళ్లు జంతువుని సరిగ్గా పడగొట్టేది ముప్పై అయిదు నలభై మీటర్ల లోపే, కానీ సన్నగుళ్లు కూడా రెండొందల మీటర్ల దాకా ఎగురుతాయి, లావు గుళ్లు ఇంకా ముందుకు. పాయింట్ 22 రైఫిల్ తూటా కిలోమీటరున్నర దాటిపోతుంది. అంటే మన చేలో మనం కాల్చినది మన చేలో ఆగదు. పక్కాయన చేను, ఆ పక్కాయన మంచె, ఆ తర్వాత డొంక. రాతి నేల మీదో చెరువు నీళ్ల మీదో తగిలితే ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాలి.

ఇంకో మాట, నాకు ఇది బాగా ఒళ్లు మండే విషయం. పంట రక్షణకి ముందు బర్మారే ఇవ్వాలని చట్టం అనుకోవడం వెనక ఉద్దేశం అర్థమవుతుంది, చిన్న తుపాకీ, నెమ్మది తుపాకీ, దొంగలకి పనికిరాదు. నక్సలైట్లు లైసెన్సు తుపాకులు ఎత్తుకెళ్తారని భయపడ్డ రోజులు కూడా చూశాం కదా. కానీ పట్టుకునేవాడి ప్రాణం కోణంలో చూస్తే అదే చెత్త ఎంపిక. మడత తుపాకీ అయితే మధ్యలో విరిచి రెండు తూటాలు తీసి జేబులో వేసుకుంటే అయిపోయింది, ఖాళీ అని ఎదుటివాడికి కూడా కనిపిస్తుంది. బర్మారుని ఒకసారి దట్టిస్తే ఖాళీ చేయడం పెద్ద పని, మామూలుగా పేల్చడమే దారి. రాత్రంతా పంది రాకపోతే? తెల్లారి దట్టించిన తుపాకీ భుజాన వేసుకుని ఇంటికొస్తారు, చూరుకి తగిలిస్తారు. క్యాపు తీసేస్తే పర్లేదులే అంటారు. మందు లోపలే ఉంది. మర్నాడు అది దట్టించి ఉందో లేదో మర్చిపోయి ఇంకోసారి మందు పోసేవాళ్లున్నారు, గొట్టం పగిలేది అప్పుడే. గుళ్లు దొరక్క సైకిల్ బేరింగు గుళ్లు వేసేవాళ్లున్నారు. క్యాపు పేలి మందు అంటుకోకపోతే గొట్టంలోకి తొంగిచూసేవాళ్లు కూడా ఉన్నారు. మందు లోపల నిదానంగా రాజుకుని కొన్ని సెకన్ల తర్వాత పేలొచ్చు, కనీసం ఒక నిమిషం మూతిని ఖాళీ దిక్కుకి పెట్టి కదలకుండా ఉండాలి. శిక్షణ సర్టిఫికెట్ కాగితం ఈ సంగతులు నేర్పిందో లేదో చూసే నాథుడు లేడు.

నాన్న విషయంలో ఒకటి చెప్పాలి, ఆయన జాగ్రత్తపరుడు. తుపాకీ అటక మీద, మందు వేరే గదిలో రేకు డబ్బాలో, క్యాపులు ఆయన తోలు పర్సులో. ఆ రాత్రి తర్వాత పర్సు కూడా అమ్మకిచ్చేశాడు, కావాల్సొస్తే అడిగేవాడు. ఒక ఏడాది వానల్లేక బోరు ఎండి, అప్పులవాళ్లు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్న రోజుల్లో ఆయన మాట తగ్గించేశాడు, అన్నం తగ్గించేశాడు. అమ్మ ఆ పర్సు తీసుకెళ్లి వాళ్ల పుట్టింట్లో పెట్టొచ్చింది. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. లైసెన్సిచ్చిన రోజున డాక్టర్ చూసిన మనిషి ఐదేళ్లూ అదే మనిషిగా ఉండడు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఎలాగూ ఉంది కదా అని ఎవరైనా అంటే, ఆ డబ్బాల్లో ఘోరమైనవాటిని 1990ల్లో నిషేధించాకే శ్రీలంకలో ఆత్మహత్యలు బాగా తగ్గాయని గుర్తు చేస్తాను. చేతికి అందే దూరం చాలా పెద్ద విషయం.

ఇంత చెప్పాక తుపాకీలే వద్దంటావా అంటే, అననే. నేను రోజూ చూస్తున్నది తుపాకీ కంటే ఘోరం.

తుపాకీ దొరకని చోట జరుగుతున్నదేంటి? కరెంటు తీగ. మోటారు స్టార్టర్ నుంచో నేరుగా లైన్ మీద కొక్కెం వేసో చేను చుట్టూ జీఐ తీగ లాగి 230 వోల్టులు వదిలేస్తారు. సోలార్ కంచెలో ఉండేది సెకనుకోసారి క్షణంపాటు వచ్చే చిన్న దెబ్బ, జంతువు గింజుకుని పారిపోతుంది, మనిషి తిట్టుకుంటూ పక్కకి జరుగుతాడు. ఇది అలా కాదు, పట్టుకుంటే వదలదు. ఏటా పేపర్లో జిల్లా పేజీలో వస్తూనే ఉంటాయి, తెల్లవారుజామున బహిర్భూమికెళ్లినవాడు, పశువుని వెతుక్కుంటూ వెళ్లినవాడు, చాలాసార్లు తీగ పెట్టిన రైతే. తర్వాత నాటు బాంబులు. పిండిముద్దలోనో కుళ్లిన చేపలోనో పెట్టి గట్టు మీద వదులుతారు, పంది కొరికితే దవడ పగులుతుంది. ఆవు కొరికినా అంతే, కుక్క కొరికినా అంతే. 2020లో కేరళలో పేలుడు మందు పెట్టిన పండు తిని గర్భంతో ఉన్న ఏనుగు నీళ్లలో నిలబడి చచ్చిపోయింది, దేశమంతా రెండు రోజులు బాధపడింది.

ఇంకొకటి కొత్తగా వచ్చింది, పైపులో కార్బైడు, నీళ్లు వేసి పేల్చే కార్బైడ్ గన్. కోతుల్ని, పక్షుల్ని బెదరగొట్టడానికి రైతులు వాడేది. ఊళ్లలో దానికి లైసెన్సు ఏదని అడిగినవాళ్లని నేను చూళ్లేదు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో పిల్లలు దాన్ని టపాకాయలా వాడి వందకు పైగా మంది కళ్ల దెబ్బలతో ఆస్పత్రుల్లో చేరారు. పేలలేదేంటి అని గొట్టంలోకి చూసినవాళ్లే చాలామంది. బర్మారు కథే మళ్లీ.

నా వాదన ఇక్కడుంది. తీగకి కళ్లు లేవు, బాంబుకి కళ్లు లేవు. తుపాకీ వెనక ఒక మనిషి కన్ను ఉంటుంది, దగ్గు వినిపిస్తే ఆగే చెవి ఉంటుంది, పేరు, నంబరు, లైసెన్సు ఉంటాయి కాబట్టి తప్పు జరిగితే ఎవరు చేశారో తెలుస్తుంది. తుపాకీ దారి ఎంత ఇరుకు చేస్తే మనుషులు అంత గుడ్డి పనిముట్ల వైపు పోతున్నారు. అందుకని దారి వెడల్పు చేయాలా? చేయాలి, కానీ ఇంటికో తుపాకీ అని కాదు. ఇంటికో తుపాకీ అయితే రెండెకరాల చేలల్లో ఒకే రాత్రి పది మంచెల మీంచి పది గొట్టాలు, ఆ ఊహకే నాకు టెన్షన్.

కేరళ 2022లో ఒక పని చేసింది. పందిని కాల్చమని ఆదేశమిచ్చే అధికారం పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది, కాల్చేది మాత్రం లైసెన్సున్న, జాబితాలో పేరున్న షూటర్లే, విషం, కరెంటు, పేలుడు మందు వాడకూడదు. మన తెలంగాణలో కూడా సర్పంచులకి అలాంటి అధికారం ఇచ్చారు. దిశ కరెక్టే. 2016లో బిహార్‌లో నీల్‌గాయ్‌ని కాల్చడానికి బయటి షూటర్లని పిలిపిస్తే దాని మీద అప్పటి కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ బాహాటంగానే గొడవపడ్డారు. బయట నుంచి వచ్చేవాళ్లతో చిక్కేంటంటే గురి ఉంటుంది, కానీ గేటు వాల్వు ఎక్కడుందో తెలీదు. పైగా పంది రాత్రి రెండింటికొస్తుంది, షూటర్ మర్నాడు మధ్యాహ్నం వస్తాడు.

ఊరికి ఇద్దరు చాలు. ఊళ్లోవాళ్లే, చేలు తెలిసినవాళ్లు, పగలు బొమ్మ మీద కాదు, రాత్రి టార్చి వెలుగులో పరీక్ష పెట్టి ఎంపిక చేయాలి, కళ్లు మెరవని ముద్దని చూపించి కాల్చకుండా ఎంతసేపు ఆగుతాడో చూడాలి. చేతికి బర్మారు కాదు, విరిచి ఖాళీ చేయగల తుపాకీ ఇవ్వాలి. ఊరి మ్యాపు మీద కాల్చదగ్గ చోట్లు గుర్తు పెట్టాలి. ఎన్నికలొచ్చినప్పుడు ఎవరి తుపాకీ జమ చేయాలో చూడటానికి స్క్రీనింగ్ కమిటీలున్నాయి, ఈ ఇద్దరి సంగతి అవే విడిగా చూడాలి. నాన్నది ప్రతిసారీ పట్టుకుపోయేవాళ్లు, సరిగ్గా శనగ ఊడే టైంకి, తిరిగొచ్చేసరికి గొట్టం నిండా తుప్పు. మిగతా అందరికీ కంచె, సోలార్ ఎనర్జైజరు, చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ. ముళ్ల వల్ల పంది లోపలికి రావడానికి జంకుతుంది, మా ఎగువ చేనాయన వేశాడు, పూర్తిగా ఆగలేదు కానీ సగం తగ్గింది అంటున్నాడు.

సరే, మా బర్మారు. వారసులు లైసెన్సు అడగొచ్చు, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి, అన్న రాసి పంపాడు. ఎ-1 ఫారం తెచ్చుకున్నా. నింపే ముందు ఒక సాయంత్రం మంచె ఎక్కి నాలుగు దిక్కులూ చూశాను. తూర్పున మోటారు షెడ్డు, వాల్వు. ఉత్తరాన డొంక. పడమర తారు రోడ్డు, ఇప్పుడు రాత్రంతా బండ్లు తిరుగుతున్నాయి. దక్షిణాన గుట్ట, అంతా బండ. ఏ దిక్కుకీ అడ్డంగా కాల్చడానికి లేదు. మిగిలిందల్లా మంచె మీంచి కిందికి, మెత్తటి మట్టిలోకి, ముప్పై అడుగుల లోపు. అది కూడా దక్షిణం వైపు రెండు మళ్లు మాత్రమే. ఒక తెల్లకాగితం మీద చేను గీసి, ఆ రెండు మళ్లకి పెన్సిల్‌తో చుట్టు గీసి, మిగతా దిక్కులకి అడ్డగీత కొట్టి, వాల్వు ఉన్నచోట ఒక చుక్క పెట్టాను.

ఆఫీసులో గుమాస్తా ఫారం, ఫోటోలు, డాక్టర్ సర్టిఫికెట్ వరసగా సర్దుకుని, ఆ కాగితం దగ్గర ఆగి ఇదేంటన్నాడు. చేను పటమండీ, ఎటు కాల్చొచ్చో గీశాను అన్నా. అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి కాలమ్ లేదండీ" అని నాకే ఇచ్చేసి, పిన్ను కొట్టుకున్నాడు.